తీరిక వేళ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ప్రశ్నలన్నీ రిటైరైన పాఠకులవే. ఒకరికి పిట్ట దొరకడం లేదు, ఒకరికి లెక్క కుదరడం లేదు. కొన్నిటికి నాలుగు మాటలు సరిపోయాయి, కొన్నిటికి పేజీ చాల్లేదు.

ప్రశ్న: పొద్దున్నే పక్షుల్ని చూడటం అలవాటైంది. 10×50 బైనాక్యులర్స్ కొన్నాను. కళ్లజోడుతో చూస్తే మధ్యలో చిన్న గుండ్రం, చుట్టూ అంతా నలుపు. జోడు తీస్తే మసక. పైగా నేను గురి చూసేలోపే పిట్ట ఎగిరిపోతోంది. లోపం నాదా, వస్తువుదా?

జవాబు: ఇద్దరిదీ కాదు. కళ్లకు ఆనించే చోట రబ్బరు కప్పులుంటాయి చూడండి. అవి పైకి లేచి ఉండటం జోడు లేనివాళ్ల కోసం. జోడు పెట్టుకున్నవాళ్లు అలాగే చూస్తే కన్ను మరీ వెనక్కి పోయి, మీరు చెప్పిన నలుపు కమ్ముతుంది. తిప్పే రకమైతే పూర్తిగా కిందికి తిప్పండి, మెత్తటి రబ్బరైతే వెనక్కి మడవండి. అప్పటికీ నలుపు పోకపోతే ఆ మోడల్‌కి ‘ఐ రిలీఫ్’ తక్కువన్నమాట. కటకానికి కన్ను ఎంత దూరంలో ఉంటే బొమ్మ మొత్తం కనిపిస్తుందో చెప్పే కొలత అది. కళ్లజోడుతో చూడాలంటే కనీసం 15 మిల్లీమీటర్లుండాలి. 17, 18 ఉంటే హాయి.

జోడు తీసేసి చూడొచ్చా అంటే, మీ కళ్లజోడు చీటీలో సిలిండర్ గడి ఖాళీగా ఉంటే చూడొచ్చు. మామూలు ప్లస్, మైనస్ నంబర్లను ఫోకస్ చక్రమే సరిచేస్తుంది. సిలిండర్ నంబరు గట్టిగా ఉంటే మాత్రం ఎంత తిప్పినా మసక వదలదు.

ఇక అసలు పని, రెండు కళ్లకూ విడివిడిగా ఫోకస్ కుదర్చడం. చాలామంది ఇది చేయకుండానే వాడి, తలనొప్పి వస్తోందని బైనాక్యులర్స్‌ను అటకెక్కిస్తారు. ముందు రెండు గొట్టాలనూ దగ్గరికీ దూరానికీ జరుపుతూ, రెండు గుండ్రాలూ ఒక్కటయ్యేదాకా సర్దండి. యాభై మీటర్ల అవతల కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి. బోర్డు మీది అక్షరాలైతే మంచిది. కుడి గొట్టం ముందు మూత పెట్టి, రెండు కళ్లూ తెరిచే ఉంచి, మధ్య చక్రం తిప్పుతూ ఎడమ కంటికి అక్షరాలు తేటగా కనిపించేలా చేయండి. తర్వాత మూతను ఎడమ గొట్టానికి మార్చండి. ఈసారి మధ్య చక్రం జోలికి పోకుండా, కుడి కంటి దగ్గరున్న చిన్న రింగు మాత్రమే తిప్పండి. తేటపడ్డాక ఆ రింగు మీది గీత ఎక్కడ ఆగిందో రాసిపెట్టుకోండి. ఇకమీదట తిప్పాల్సింది మధ్య చక్రం ఒక్కటే. రింగు ఎడమ వైపున్న మోడలైతే ఈ వరస తిరగేయండి. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లకు పాత గీత పనికిరాదు, మళ్లీ మొదటినుంచీ సర్దుకోవాలి.

పిట్ట దొరక్కపోవడానికి కారణం ఒక్కటే. పిట్టను చూస్తాం, తల దించి బైనాక్యులర్స్ అందుకుంటాం, మళ్లీ తలెత్తి ఏ కొమ్మో వెతుక్కుంటాం. అలా కాకుండా చూపును పిట్ట మీదే నిలిపి, మెడ కదపకుండా, బైనాక్యులర్స్‌నే కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. ఇంట్లో గోడ గడియారం మీద రోజుకు పదిసార్లు సాధన చేస్తే వారంలో చెయ్యి తిరుగుతుంది.

మళ్లీ కొనే రోజొస్తే 8×42 తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో, రెండోది ముందు కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు ఎంత వెడల్పో తెలుస్తుంది. 10×50కి 5 మిల్లీమీటర్లు, 8×42కి 5.25. అంటే వెలుతురులో రెండూ ఇంచుమించు సమానమే. వయసు మీదపడ్డాక మసక చీకట్లో కూడా కంటిపాప కుర్రతనంలో లాగా విచ్చుకోదు కాబట్టి, అంతకు మించి లావు వెలుగు వచ్చినా కంటి బయటే ఆగిపోతుంది. పది రెట్లలో మాత్రం చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది. పెట్టె మీద 100 రెట్లు, 200 రెట్లు అని రాసే జూమ్ రకాలను ముట్టుకోకపోవడమే మేలు. ఏ రకమైనా సరే, సూర్యుడి వైపు తిప్పకండి. రెటీనా కాలడానికి క్షణం చాలు, కాలేటప్పుడు నొప్పి కూడా తెలియదు.

ప్రశ్న: ఎడమ మోకాలు నొప్పి. షికారుకు చేతికర్ర కొన్నాను. ఏ చేత్తో పట్టుకోవాలి? పొడవెంత?

జవాబు: కుడి చేత్తో. నొప్పి కాలికి అవతలి చేతిలో ఉండి, ఆ కాలితోపాటే ముందుకు పడాలి. రోజూ వేసుకునే చెప్పులతోనే నిటారుగా నిలబడి చేతులు వదిలేయండి. మణికట్టు మడత ఎంత ఎత్తులో ఉంటే కర్ర పిడి అంత ఎత్తులో ఉండాలి. మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కర్ర, నొప్పి కాలు. అడుగున రబ్బరు బిళ్ల గాళ్లు అరిగి నున్నబడితే వెంటనే మార్చండి. తడి నేల మీద కర్ర జారేది దానివల్లే.

ప్రశ్న: ముప్పై ఏళ్లుగా పత్రికల్లోంచి కత్తిరించి దాచుకున్నవి రెండు పెట్టెలున్నాయి. గోధుమరంగుకు తిరిగాయి, మడత దగ్గర విరిగిపోతున్నాయి. లామినేషన్ చేయిస్తే ఆగుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: వద్దండీ. లామినేషన్ ఒకసారి అతికిందంటే ఇక ఊడిరాదు. లోపలి ఆమ్లం లోపలే ఉండి కాగితాన్ని తింటూనే ఉంటుంది. వార్తాపత్రిక కాగితాన్ని చెక్కను రుబ్బిన గుజ్జుతో చేస్తారు. చెక్కలోని లిగ్నిన్ అందులో అలాగే ఉండిపోతుంది. వెలుతురు, గాలి తగిలేకొద్దీ లిగ్నిన్ రంగు మారుతుంది, ఆమ్లాలు పుట్టి పీచును తెంపుతాయి. వచ్చిన రంగును, పోయిన బలాన్ని ఇంట్లో వెనక్కి తేలేరు. మిగిలినదాన్ని నిలబెట్టుకోవడం, అక్షరాలను వేరేచోటికి ఎక్కించుకోవడం, ఈ రెండే మన చేతిలో ఉన్నవి.

మడతలున్నవాటిని ఎండిన స్థితిలో విప్పకండి, అక్కడికక్కడే ఫట్‌మంటాయి. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో తడి స్పాంజి ఒక మూల పెట్టి, దానికి తగలకుండా జల్లెడలాంటిదాని మీద కత్తిరింపును ఉంచి మూత వేయండి. కొన్ని గంటల్లో కాగితం తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. అప్పుడు మెల్లగా విప్పి, రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి బరువుంచి ఆరనివ్వండి. రాత్రంతా డబ్బాలో మరిచిపోతే బూజు పడుతుంది, జాగ్రత్త. సిరాతో ఏదైనా రాసి ఉంటే ఈ పద్ధతి వద్దు, అలుక్కుపోతుంది.

ఆ తర్వాత స్కానింగ్. 300 డీపీఐ చాలు, అక్షరాలు మరీ చిన్నవైతే 400. రంగు మోడ్‌లోనే చేయండి. నలుపు తెలుపులో చేస్తే గోధుమ మరకలన్నీ నల్లటి మచ్చలుగా దిగుతాయి. ఇంకో చిన్న కిటుకు ఉంది. కత్తిరింపు వెనక నల్ల కాగితం పెట్టండి. స్కానర్ మూత తెల్లగా ఉంటుంది కాబట్టి వెనకవైపు అచ్చు నీడలా ముందుకు కనిపిస్తుంది. నల్ల కాగితం ఆ వెలుగును మింగేస్తుంది. ఫైలు పేరును సంవత్సరం, నెల, తేదీ వరసలో మొదలెట్టండి, ‘1996-08-14’ అన్నట్టు. కంప్యూటర్ దానంతటదే కాలక్రమంలో పేర్చిపెడుతుంది. తేదీతో మొదలెడితే అన్ని సంవత్సరాల 14లూ ఒకచోట గుంపుగా చేరతాయి.

అసలు కత్తిరింపులను ఆమ్లరహిత కాగితాల మధ్య పరిచి, పాలిప్రొపిలీన్ కవర్లలో అడ్డంగా పడుకోబెట్టండి. పీవీసీ కవర్లు వద్దు. గుండుసూదులు తుప్పు పడతాయి, సెలోటేప్ జిగురు అక్షరాల్లోకి దిగి పచ్చబడుతుంది. ఇప్పటికే అతికి ఉన్న టేపును పీకకండి, అక్షరాలూ దాంతో లేచొస్తాయి. టేపుతో సహా స్కాన్ చేయండి. ఇకమీదట కత్తిరించేటప్పుడు పత్రిక పేరు, తేదీ పక్క కాగితం మీద పెన్సిల్‌తో రాసుకోండి. తేదీ లేని కత్తిరింపు ఎంత మంచిదైనా పదేళ్లకు ఎటూ కాకుండా పోతుంది.

ప్రశ్న: రోజూ వార్తలు చదివి నా అభిప్రాయం డైరీలో రాస్తాను. ద్రవ్యోల్బణం 6 శాతం నుంచి 4కు తగ్గిందని పత్రికలో వచ్చింది. ఇంటి ఖర్చు తగ్గలేదు సరికదా పెరిగింది. పత్రిక లెక్క తప్పని రాసేశాను. మా అబ్బాయి నవ్వుతున్నాడు.

జవాబు: నవ్వడం సంగతి ఎలా ఉన్నా, లెక్క అబ్బాయి వైపే ఉంది. తగ్గింది ధర కాదు, ధర పెరిగే వేగం. 100 ఉన్న వస్తువు 6 శాతం పెరిగి 106 అయింది. మరుసటి ఏడు ఆ 106 మీద 4 శాతం పెరిగితే 110.24. అంకె దిగింది, ధర ఎక్కింది. ధరలు నిజంగా తగ్గాలంటే ఆ అంకె సున్నా కిందికి దిగాలి.

ఇలాంటిదే ఇంకొకటి. వడ్డీ 4 శాతం నుంచి 6 శాతానికి పెరిగితే ఒకరు ‘2 పెరిగింది’ అంటారు, ఇంకొకరు ‘50 శాతం పెరిగింది’ అంటారు. రెండూ నిజమే. మొదటిది శాతాంశాల్లో చెప్పిన తేడా, రెండోది పాతదానితో పోల్చిన పెరుగుదల. ఏ శీర్షికకు ఏది పెద్దగా కనిపిస్తే అది వాడతారు కాబట్టి, మీ డైరీలో పాత అంకె, కొత్త అంకె రెండూ రాసుకోండి. ‘రెట్టింపైంది’ అని చదివినా అంతే. 2 నుంచి 4 కావడమూ రెట్టింపే.

డైరీకి మా సలహా: ఎడమ పేజీలో వార్త, పత్రిక పేరు, తేదీ, అంకెలు. కుడి పేజీలో మీ అభిప్రాయం, ఇకముందు ఏమవుతుందని మీ ఊహ. ఊహ కింద రెండు గీతలు ఖాళీ వదిలి, ఆర్నెల్ల తర్వాత వచ్చి నింపండి. పక్కన పడిన తప్పుల లెక్క మొదట్లో కొంచెం గుచ్చుకుంటుంది.

ప్రశ్న: మేం ఆరుగురం, అందరం అరవై దాటినవాళ్లం. ఆదివారాలు చిన్న గుట్టలు, తోటలు తిరుగుతాం. ఫోను గంటన్నర అని చూపించిన దారి మాకు మూడు గంటలు పట్టి చీకటి పడుతోంది. ముందే ఎలా అంచనా వేయాలి?

జవాబు: విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడతారు. గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అది గట్టిగా నడిచేవాళ్ల లెక్క. మీరు ముందు మీ వేగం కనుక్కోండి. చదునైన కిలోమీటరు దూరాన్ని మీలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారితో కలిసి నడిచి టైము చూడండి. 17 నిమిషాలు పట్టిందనుకుందాం. 6 కిలోమీటర్లకు 102 నిమిషాలు. దారిలో 200 మీటర్ల ఎక్కుడుంటే నైస్మిత్ లెక్కన 20 నిమిషాలు, మీకు 30 వేసుకోండి. గంటకు పది నిమిషాలు కూర్చోవడానికి. మొత్తం రెండున్నర గంటలు దాటింది. ఆగి ఫొటోలు తీసుకోవడం, దారి అడగడం ఇందులో లేవు.

అన్నిటికన్నా ముఖ్యం, వెనక్కి తిరిగే టైమును బయల్దేరేటప్పుడే ఖాయం చేయడం. నాలుగింటికి తిరగాలనుకుంటే, గుట్ట కొన పది అడుగుల్లో ఉన్నా నాలుగింటికి తిరగాలి. దిగడం తేలికనుకోకండి, మోకాళ్లకు దిగుడే ఎక్కువ బరువు. నెమ్మదిగా నడిచేవారిని ముందు నడిపించండి. వెనక నడిపిస్తే, వాళ్లు వచ్చి చేరేసరికి మిగతావాళ్లు సేదదీరి లేచి నిలబడతారు. వాళ్లకు మాత్రం విశ్రాంతి దొరకదు.

ప్రశ్న: మా పెరట్లో ఎంత వాన పడిందో కొలిచి రాసుకోవాలని ఉంది. కొన్న పరికరమే కావాలా?

జవాబు: అక్కర్లేదు. ఒక గరాటు, ఒక సీసా, మిల్లీలీటర్ల గీతలున్న మందు సిరంజి చాలు, సూది తీసేసి. గరాటు మూతి లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలవండి. 10 సెంటీమీటర్లయితే దాని వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు వానకు అందులో 7.85 మిల్లీలీటర్లు పడతాయి. సీసాలో 55 మిల్లీలీటర్లు వస్తే 55ను 7.85తో భాగించండి, 7 మిల్లీమీటర్ల వాన. సీసా ఆకారం ఎలా ఉన్నా ఫరవాలేదు, గరాటు మూతి ఒక్కటే లెక్కలోకి వస్తుంది. గరాటు లేకుండా బకెట్ పెడితే తేడా వచ్చేది ఇక్కడే. బకెట్ పైన వెడల్పు, అడుగున సన్నం కాబట్టి స్కేలుతో కొలిచిన లోతు అసలు వానకన్నా ఎక్కువ చూపిస్తుంది.

గరాటు మూతి సమంగా ఉండాలి, ఒరగకూడదు. గోడ, చెట్టు ఎంత ఎత్తుంటే కనీసం దానికి రెండింతల దూరంలో పెట్టండి. ఆకుల నుంచి జారిన చుక్కలు కలిస్తే లెక్క ఎక్కువవుతుంది, గోడ గాలివానను అడ్డుకుంటే తక్కువవుతుంది. నేలకు మరీ దగ్గరగా ఉంటే చిందులు పడతాయి, అరచేయంత ఎత్తున రాయి మీద పెట్టి కదలకుండా బిగించండి. రోజూ ఒకే సమయానికి కొలిచి, పారబోసి, వాన పడని రోజు కూడా సున్నా రాయండి. గడి ఖాళీగా వదిలితే ఆ రోజు వాన పడలేదో, మీరు చూడలేదో తర్వాత మీకే తెలియదు. ఎండాకాలంలో సీసాలో రెండు చుక్కల నూనె వేస్తే నీళ్లు ఆవిరి కావు. సిరంజిలోకి నూనె రాకుండా, కొనను సీసా అడుగు దాకా ముంచి లాగండి.