మేకు కొట్టే ముందు గోడ తట్టి చూడండి

సంక్రాంతికి ఒంగోలు వచ్చి మా డాబా మీద కూర్చుని ఉండగా కావలి నుంచి ఒక కొత్త జంట వచ్చింది. అబ్బాయి మా చెల్లెలి మరిది కొడుకు. అమెరికాలోని ఒహాయోలో ఇల్లు కొనుక్కుని నాలుగు నెలలైంది. అమ్మాయి చేతిలో ఒక కాగితం ఉంది. వంటింట్లో అరలు, దేవుడి పీఠం, బాత్రూములో చేతి స్ప్రే, గదులకు రంగులు, పెరట్లో సొర పందిరి. "మామయ్యా, పనివాళ్లను పిలిస్తే వాళ్లు చెప్పే కూలికి గుండె ఆగుతోంది. ఇందులో మేమే చేసుకోగలిగినవి ఏవి?" అని అడిగారు. మే నెలలో అమ్మాయి తల్లిదండ్రులు వస్తున్నారట, ఆ లోపల ఇల్లు ఒక కొలిక్కి రావాలని తపన. ఇదే ప్రశ్న చాలామంది అడుగుతున్నారు కనుక వాళ్లకు చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ కాగితం పక్కన పెట్టించి అబ్బాయిని గోడ దగ్గరకు తీసుకెళ్లి వేళ్లతో తట్టమన్నాను. మాది ఇటుక గోడ, పైన సిమెంటు పూత. వేళ్లు నొచ్చాయి తప్ప పెద్దగా శబ్దం రాలేదు. ఒహాయోలో నీ గోడను ఇలాగే తట్టు, డప్పులా పలుకుతుంది అన్నాను. గోడ అంటే కింది నుంచి పైదాకా ఒకే ముద్ద అనుకుంటూ పెరిగినవాళ్లం మనం. అక్కడ చాలా ఇళ్లలో గోడంటే చెక్క చట్రం. నిలువు కొయ్యలు, వాటిమీద సాధారణంగా అరంగుళం మందం ఉండే జిప్సం పలక, లోపల ఖాళీ. కరెంటు తీగలు, నీటి గొట్టాలు, ఒక్కోసారి గ్యాసు గొట్టం ఆ ఖాళీలోనే పోతుంటాయి. కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు చేసే పొరపాట్లు చాలావరకు ఈ ఒక్క తేడా మరిచిపోయి చేసేవే.

నేనూ చేశాను. అమెరికాలో మా మొదటి ఇంట్లో దేవుడి పీఠానికి మంచి టేకు చెక్క తెచ్చి, రెండు స్క్రూలతో గోడకు బిగించాను. ఊళ్లో గూట్లో దీపం పెట్టినంత ధీమాగా ఇత్తడి కుందులు, విగ్రహాలు సర్దాను. మూడు వారాలు నిలిచింది. ఒక రాత్రి జిప్సం పలకతో సహా ఊడి కింద పడింది. కుంది కాలు నేల చెక్కలో దిగబడిపోయింది. తెల్లవారితే మా రెండేళ్ల పాప రోజూ బొమ్మలు పరుచుకుని కూర్చునే చోటు అది. ఆ గుంట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

బరువు మోసేది పలక కాదు, వెనక ఉన్న కొయ్య. దాన్ని పట్టుకోవడం కష్టం కాదు. గట్టి అయస్కాంతం ముక్క ఒకటి తీసుకుని దారానికి కట్టి, గోడకు ఆనించి మెల్లగా పక్కకు జరపండి. పలకను కొయ్యకు బిగించిన స్క్రూల తలలు రంగు కింద దాగి ఉంటాయి. ఒకచోట అయస్కాంతం చటుక్కున అంటుకుంటుంది. అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టి, దానికి సూటిగా పైనా కిందా వెతకండి. మూడు నాలుగు చుక్కలు ఒకే నిలువు గీతలో పడితే మీకు కొయ్య దొరికినట్టే. అక్కడి నుంచి 16 అంగుళాలు కొలిస్తే సాధారణంగా తర్వాతి కొయ్య వస్తుంది. కొన్ని ఇళ్లలో 24 ఉంటుంది. అక్కడ అమ్మే కొలత టేపుల్లో చాలావాటి మీద ప్రతి 16 అంగుళాలకూ ప్రత్యేకమైన గుర్తు ఉండేది ఇందుకే. కొయ్య ముఖం ఒకటిన్నర అంగుళమే కాబట్టి దాని మధ్యలో దిగాలి. రెండున్నర అంగుళాల స్క్రూ వేస్తే అరంగుళం పలకకు పోయినా మిగతాది కొయ్యను బాగా పట్టుకుంటుంది. బిగించే ముందు మన మేస్త్రీలు చేసినట్టే రసమట్టం పెట్టి చూసుకోండి.

డ్రిల్లు దిగుతూ దిగుతూ ఇనుము తగిలినట్టు ఆగిపోతే ఇంకా గట్టిగా నొక్కవద్దు. ఆ కొయ్యలోంచి తీగో గొట్టమో పోతోందని, దానికి రక్షణగా ఉక్కు రేకు కొట్టారని అర్థం. స్విచ్చులకు, ప్లగ్గులకు నిటారుగా పైనా కిందా కూడా రంధ్రం వేయవద్దు, తీగలు సాధారణంగా ఆ దారినే పోతాయి. ఉదయగిరి చెక్క గరిటెలు వేలాడదీయడానికైతే పలకలో దించి స్క్రూ బిగించే ప్లాస్టిక్ ప్లగ్గు చాలు. పీఠానికి, పుస్తకాల అరకు, టీవీకి కొయ్య కావలసిందే.

సర్దుకోవడంలోనూ ఇదే సూత్రం. 20 పౌండ్ల బియ్యం సంచి, నూనె డబ్బాలు, ఆవకాయ జాడీలు వంటసామాన్ల గదిలో అన్నిటికన్నా కింద ఉండాలి. కొన్న ఇంట్లో ముందే బిగించి ఉండే ఇనుప తీగల అరలు పప్పు డబ్బాల వరుసకే వంగుతాయి. పై అరల్లో అప్పడాలు, వడియాలు, ఖాళీ డబ్బాలు పెట్టుకోండి. బట్టల బీరువా, సొరుగుల బల్ల ఎంత బరువుగా ఉన్నా వెనక పట్టీతో కొయ్యకు కట్టేయండి. పిల్లలు సొరుగులు లాగి మెట్లెక్కినట్టు ఎక్కుతారు, ఆ బల్ల తమ మీదే పడి ప్రాణాలు పోయిన పిల్లలున్నారు. ఇక అటక. మన అటక మీద ఇత్తడి గంగాళాలు పెట్టినా చెక్కుచెదరదు. అక్కడి అటకలో నడవడానికి చెక్క పరిచి లేకపోతే దూలం మీద తప్ప కాలు మోపవద్దు. దూలాల మధ్య ఉన్నది కింది గదికి కప్పుగా బిగించిన జిప్సం పలకే, కాలు నేరుగా దిగబడిపోతుంది.

కరెంటు విషయం నెమ్మదిగా చదవండి. ఊళ్లో ఫ్యాను బిగించడం, ప్లగ్గు మార్చడం వచ్చినవాళ్లకే అక్కడ ఎక్కువ ప్రమాదం. మన పాత వైరింగులో ఎర్ర తీగ ఫేజు, నల్ల తీగ న్యూట్రలు. అమెరికాలో నల్ల తీగలోనే కరెంటు వస్తుంది. తెల్లది న్యూట్రలు, పచ్చది లేదా తొడుగు లేని రాగి తీగ ఎర్తు. ఇరవై ఏళ్లు నలుపు అంటే భయం లేదని నేర్చుకున్న చెయ్యి తెలియకుండానే నల్ల తీగ మీదికి పోతుంది. పైగా తెల్ల తీగలోనూ ఒక్కోచోట కరెంటు ఉంటుంది. మన ప్లగ్గులకు పక్కనే స్విచ్చు ఉంటుంది, అక్కడి ప్లగ్గులకు చాలావరకు ఉండదు. బ్రేకరు పెట్టెలో ఆ లైను ఆపాలి, ఆపాక టెస్టరుతో చూడాలి, ఆ తర్వాతే ముట్టుకోవాలి. బ్రేకర్ల పక్కన రాసి ఉన్న పేర్లు నమ్మవద్దు. ఒకరు పెట్టె దగ్గర నిలబడి ఒక్కొక్కటే ఆపుతుంటే మరొకరు గదుల్లో ఏ దీపం ఆరిందో చెప్పి, మీరే కొత్తగా రాసుకోండి. బల్బు మార్చడం, స్విచ్చు పైమూత మార్చడం దాటి, కొత్త లైను లాగాలంటే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే రావాలి.

పెద్దవాళ్లు వస్తున్నారు కాబట్టి చేతి స్ప్రే ముందుగా కావాలి, అది మీరు బిగించుకోగలరు. కమోడు పక్కన గోడ దగ్గరున్న వాల్వు మూసి, ఒకసారి ఫ్లష్ చేసి తొట్టి ఖాళీ చేయండి. తొట్టి కింది గొట్టం విప్పి, మధ్యలో టీ ఆకారపు వాల్వు పెట్టి, గొట్టం మళ్లీ తగిలించండి. లోపల రబ్బరు వాషరు ఉన్న చోట టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. చేత్తో బిగించి, కారితే మరో పావు చుట్టు తిప్పితే చాలు, పానాతో బలమంతా పెడితే ప్లాస్టిక్ మర పగులుతుంది. నీళ్లు వదిలి, అతుకు కింద పొడి టిష్యూ కాగితం పరిచి గంట తర్వాత చూడండి. చిన్న తడి మచ్చ ఉన్నా మళ్లీ విప్పవలసిందే. వాడిన ప్రతిసారీ టీ వాల్వు కట్టేయడం ఇంటిల్లిపాదికీ అలవాటు చేయండి, ఒత్తిడి నిండిన గొట్టం మీరు ఊళ్లో లేనప్పుడు పగిలితే ఇల్లంతా నీళ్లే. అత్తగారికి, మామగారికి ఇంకొక మాట మర్యాదగా ముందే చెప్పండి. అక్కడి బాత్రూము నేలకు సాధారణంగా తూము ఉండదు. బకెట్టుతో నేల మీద నీళ్లు పోస్తే కింది గది కప్పు తడిసి ఉబ్బుతుంది. స్నానం టబ్బులోనే చేయాలి.

రంగులు నిశ్చింతగా వేసుకోండి. ఇల్లు 1978కి ముందు కట్టినదైతే మాత్రం పాత రంగు గీకవద్దు, అందులో సీసం ఉండవచ్చు, ఆ దుమ్ము పిల్లలకు విషం. పందిరి గుంజలకు గుంటలు తీసే ముందు కొన్ని రోజుల ముందుగా 811కి ఫోను చేస్తే గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళతారు. గోడ తీసి హాలు పెద్దది చేద్దామన్న ఆలోచన ఉంటే అది మీ పని కాదు. ఏ గోడ పైఅంతస్తును మోస్తోందో ఇంజినీరు చెప్పాలి, నగరపాలక సంస్థ అనుమతి కావాలి.

వంటింటి గురించి అమ్మాయి అడిగింది. పొయ్యి మీది హుడ్డు పొగను బయటికి పంపుతోందో, వడగట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతోందో చూసుకోమన్నాను. రెండోదైతే మన పోపుల ఘాటు కర్టెన్లకు పట్టేస్తుంది, డబ్బు దాచి ముందుగా మార్పించవలసింది అదే. వాళ్ల వంటింటి బండ ఫోటో చూపించింది. నల్లటి నలుపులో బంగారు చుక్కలు. అమెరికాలో బ్లాక్ గెలాక్సీ అంటారు, మన చీమకుర్తి రాయి. ఒంగోలుకు కూతవేటు దూరంలో తవ్విన రాయి ఒహాయోలో వాళ్ల గ్యాసు పొయ్యి పక్కన ఉందని తెలిసి ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి. గ్రానైటు వేడికి తట్టుకుంటుంది. క్వార్ట్జ్ బండ అయితే పొయ్యి మీది బాణలి నేరుగా దించవద్దు, అందులో కలిపిన రెసిన్ అనే జిగురు కమిలి మచ్చ పడుతుంది.

తిరిగి వెళ్లగానే మొదటి శనివారం ఏ పనీ మొదలుపెట్టకుండా ఇంటికి వచ్చే నీటి ప్రధాన వాల్వు ఎక్కడుందో వెతికి, మూసి, తెరిచి చూడమని చెప్పి పంపాను. మొన్న ఫోను వచ్చింది. నేలమాళిగలో అట్టపెట్టెల వెనక దొరికిందట, తుప్పు పట్టి తిరగడం లేదట. పానా వేసి తిప్పమంటావా మామయ్యా అని అడిగాడు. వద్దు, అది విరిగితే నీళ్లు ఆపేందుకు ఇంట్లో ఇంకేమీ ఉండదు, ప్లంబరును పిలిచి కొత్తది వేయించు అన్నాను. ప్లంబరు శుక్రవారం వస్తానన్నాడట. స్ప్రే పెట్టె ఇంకా విప్పలేదు.