పట్టేసిన హ్యాండ్ బ్రేక్ గురించి మేనకోడలికి ఉత్తరం

గుంటూరు, అరండల్‌పేట.

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న సాయంత్రం అక్కయ్య ఫోను చేసింది. రెండేళ్ళుగా విజయవాడ మొగల్రాజపురం ఇంటి ముందు కదలకుండా నిలిచిపోయిన మీ నాన్నగారి మారుతి 800ను మళ్ళీ నడిపించాలని నువ్వు పట్టుబట్టావనీ, కొత్త బ్యాటరీ వేయించి ఇంజను కూడా స్టార్టు చేశావనీ, హ్యాండ్ బ్రేక్ పట్టేయడం వల్ల వెనక చక్రాలు జానెడు దూరం ఈడ్చుకుపోయాయే తప్ప తిరగలేదనీ, మెకానిక్కును పిలుద్దామంటే నేనే విడిపిస్తానన్నావనీ చెప్పింది. వింటూ ఉండగానే నాకు గొంతు పూడుకుపోయింది. ముప్ఫై ఏళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో పానా పట్టిన నాకు, ఆ పని మీద మనసుపడిన మనిషి మన ఇంట్లో ఇన్నాళ్ళకు కనిపించింది. కానీ ఫోను పెట్టేశాక మీ వాకిలి నుంచి రోడ్డు మీదికి దిగే వాలు కళ్ళ ముందు మెదిలి రాత్రి నిద్రపట్టలేదు. ఇది పూర్తిగా చదివేదాకా ఆ బండి జోలికి వెళ్ళవద్దు.

ముందుగా బ్రేకు ఎక్కడ పట్టిందో తెలుసుకోవాలి. సీట్ల మధ్యనున్న లివరు లాగినప్పుడు దాని కేబులు ఒక తొడుగులో నుంచి వెనక చక్రాల దాకా సాగి, చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి డ్రమ్ము లోపలి షూలను, అంటే వంపు తిరిగిన బ్రేకు పట్టీలను, బయటికి నెడుతుంది. ఆ షూల మీది రాపిడి పొర, అంటే లైనింగు, డ్రమ్ము గోడను ఒత్తిపట్టి చక్రాన్ని ఆపుతుంది. లివరు దించినప్పుడు స్ప్రింగులు షూలను వెనక్కి లాగాలి. కేబులు తొడుగులో తుప్పుపట్టినా, ఇనుప డ్రమ్ము తుప్పుపట్టి లైనింగు దానికి అంటుకుపోయినా చక్రం విడవదు. బావగారు ప్రతి ఆదివారమూ బండి కడిగి, చక్రాలు ఆరకముందే హ్యాండ్ బ్రేక్‌ను ఆఖరి పన్ను దాకా లాగి పెట్టేవారు. వద్దని ఎన్నిసార్లు చెప్పినా, వాలు మీద బండి కదా అనేవారు. ఆయన భయమూ నిజమైనదే.

ఒక మాట నీకు ఇంతవరకు చెప్పలేదు. పెద్దకర్మ నాడు ఆ బండిలో నుంచి ఏవో కాగితాలు తెమ్మని అక్కయ్య పంపితే తలుపు తీసి చూశాను. లివరు ఆయన లాగినది లాగినట్టే నిటారుగా ఉంది. దించి, గేరులో పెట్టి, చక్రాలకు అడ్డు పెట్టకపోతే ఒక్క వానాకాలానికే పట్టేస్తుందని నాకు తెలుసు. అయినా ఆయన చివరిసారి చేతితో లాగిన దానిని దించడానికి నాకు చెయ్యి రాలేదు. కాగితాలు తీసుకుని తలుపు వేసేశాను. నీకీ అవస్థ రావడంలో నా పాలు కూడా ఉంది.

ఇక అసలు సంగతి. 1992 వానాకాలంలో గుణదల కొండవాలున ఒక ఇంట్లో అంబాసిడర్ కారు నాలుగు నెలలు నిలిచిపోయి, వెనక ఎడమ చక్రం పట్టేసిందని కబురు వస్తే, నా దగ్గర పని నేర్చుకుంటున్న పదహారేళ్ళ కుర్రవాడిని వెంటబెట్టుకుని వెళ్ళాను. లివరు దించాను. కుడి చక్రం విడిచింది, ఎడమది విడవలేదు. బండి న్యూట్రల్‌లో ఉంది. కుర్రవాడు ఎక్కడి నుంచో సగం ఇటుక తెచ్చి వెనక చక్రం కింద పెట్టాడు. నేను చూశాను, చాలునన్నాను. జామైన బండి ఎక్కడికి పోతుందిలే అన్నదే ఆ పూట నా బుర్రలో ఉన్న ఆలోచన. వాడిని వెనక నిలబడి బండిని ముందుకూ వెనక్కూ ఊపమని, నేను పక్కన కూర్చుని డ్రమ్ము మీద సుత్తితో తట్టడం మొదలుపెట్టాను. ఏడో దెబ్బకో ఎనిమిదో దెబ్బకో లోపల టక్కుమని శబ్దం వచ్చింది. విడిచింది అని నేను సంతోషంగా అరిచాను. ఆ అరుపు పూర్తికాకముందే ఇటుక నలిగి ఎర్రటి పొడి అయిపోయింది, బండి వెనక్కి జారింది. కుర్రవాడు తప్పుకోవలసింది పోయి, నా మాట మీద ఊపుతున్నవాడు గనుక, ఆపడానికి చేతులు అడ్డుపెట్టాడు. బంపరుకూ గేటు స్తంభానికీ మధ్య వాడి కుడిచెయ్యి నలిగింది.

ఎముక అతికింది గానీ పిడికిలి మళ్ళీ పూర్తిగా బిగుసుకోలేదు. పానా పట్టలేక, తరువాత స్పేర్ పార్టుల కొట్లో పనికి కుదిరాడు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో వాళ్ళ అమ్మ ఏం జరిగిందని అడిగితే, బండి దానంతటదే జారిందమ్మా అన్నాను. బండి దానంతటదే జారదు తల్లీ. ఆ వాలు మీద అంత బరువును పట్టి ఆపుతున్నది తుప్పుపట్టిన డ్రమ్ముకు అంటుకుపోయిన ఆ లైనింగు ఒక్కటే. దానిని విడిపించడానికే వెళ్ళినవాడిని, అది విడిచాక బండిని ఏది ఆపుతుందో ఆలోచించలేదు. ఆ మాట ఆవిడతో చెప్పడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

నువ్వు నిన్న ఇంజను బలంతో ఈడ్చినప్పుడు బ్రేకు హఠాత్తుగా విడిచి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. అక్కయ్య ఆ సమయంలో బండి వెనక నిలబడి చూస్తున్నదట. ఇంకెప్పుడూ అలా చేయకు, ఆవిడను చేయనివ్వకు. పైగా ఎక్కువ రేజ్ చేసి ఈడిస్తే లైనింగు షూ నుంచి ఊడివచ్చి డ్రమ్ములో అడ్డంపడుతుంది. అప్పుడు చిన్న పని పెద్దదవుతుంది.

పని మొదలుపెట్టే ముందు కాలి బ్రేకు తొక్కి చూడు. పెడల్ గట్టిగా నిలవాలి, మెత్తగా అడుగుదాకా దిగిపోతే బండిని కదిలించే మాటే లేదు. పెడల్ బాగుంటే, ఇంజను ఆపి మొదటి గేరులో పెట్టు. నీ బండికి ఇంజను బలం ముందు చక్రాలకే వెళుతుంది గనుక, గేరు ముందు చక్రాలను పట్టి ఉంచుతుంది, వెనకవి తిరగడానికి వీలుగా ఉంటాయి. అయినా గేరు ఒక్కదానినే నమ్మవద్దు. రెండు ముందు చక్రాలకూ ముందూ వెనకా చెక్క దిమ్మెలు బిగించు. ఇటుకలు వద్దు, రాళ్ళు వద్దు.

తరువాత లివరును కొద్దిగా పైకి లాగి, మీట నొక్కి, పూర్తిగా దించు. ఇలా పది పదిహేనుసార్లు, నిదానంగా చెయ్యి. కేబులు మాత్రమే బిగుసుకుని ఉంటే చాలాసార్లు దీనితోనే కదులుతుంది. కదలకపోతే చక్రం నట్లను బండి నేల మీద ఉండగానే కాస్త వదులుచేసి, ఒక్కొక్క వెనక చక్రాన్నే జాకీతో ఎత్తి, స్టాండు మీద దించి, అప్పుడు చక్రం ఊడదీయాలి. జాకీ ఎత్తడానికే గానీ మోయడానికి కాదు. దాని మీద ఉన్న బండి కింద చెయ్యి కూడా పెట్టవద్దు. డ్రమ్ము ముఖం మీద, నట్ల బోల్టుల మధ్య, చెక్క సుత్తితో చుట్టూ తిప్పుతూ తట్టు. డ్రమ్ము పోత ఇనుము, అంచు మీద ఇనుప సుత్తితో మోదితే పగులుతుంది. తట్టడం, చేతితో తిప్పి చూడడం, మళ్ళీ తట్టడం, అంతే. విడిచినప్పుడు ఆ టక్కుమనే శబ్దం నీకే తెలుస్తుంది. తుప్పు వదిలే నూనెను కేబులు బయటికి వచ్చే చోట కొట్టవచ్చు గానీ డ్రమ్ము లోపలికి ఒక్క చుక్క పోకూడదు. లైనింగు నూనె తాగితే ఆ చక్రానికి బ్రేకు ఉండదు. రాలిన దుమ్మును నోటితో ఊదకు, పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది, తడిగుడ్డతో తుడువు. ఎంత తట్టినా విడవకపోతే అక్కడితో ఆగు. డ్రమ్ము లాగడంలో బేరింగుల పని కూడా కలిసి ఉంటుంది, అది నేను చేసి చూపిస్తాను.

విడిచాక వెంటనే రోడ్డెక్కవద్దు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్ళది గనుక మార్పించు. టైర్ల గాలి, పాత పెట్రోలు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను చూసుకో. మొదటిసారి మీ వీధిలోనే నాలుగు చుట్లు నిదానంగా తిప్పి, దిగి, రెండు వెనక చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడు. ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు ఇంకా పూర్తిగా వదలలేదన్నమాట. ఆ బండిలో గుంటూరు వచ్చి మావయ్యను ఎక్కించుకుంటానన్నావట. అలాగే ఎక్కుతాను గానీ, కృష్ణా నది వారధి మీద లారీల మధ్యకు ఆ బండిని ఈ నెలలో తేవద్దు.

ఆదివారం ఉదయం బస్సుకు నేనే వస్తున్నాను. నా చెక్క సుత్తీ, ఆ కుర్రవాడికి దెబ్బ తగిలిన వారంలో తుమ్మచెక్కతో కోయించిన నాలుగు దిమ్మెలూ తెస్తాను. అవి ఇప్పటికీ పగల్లేదు. లివరు మాత్రం నేను ముట్టుకోను. అది నువ్వే దించు, నేను తలుపు పక్కన నిలబడి ఉంటాను. అక్కయ్యను వరండాలోనే కూర్చోమని చెప్పు.

ఆశీస్సులతో,
మావయ్య