బొమ్మ కారు కదలకపోతే ముందు ఇరుసు చూడండి

ఏడో తరగతి పిల్లలతో అట్టముక్కలు, సీసా మూతలతో కార్ల పోటీ పెట్టాలనుకుంటున్నానని, కారు నడవడానికి బెలూన్ మంచిదా, రబ్బరు బ్యాండు మంచిదా అని అడిగారు. మొదటిసారి నన్నూ తొలిచింది ఈ ప్రశ్నే. చివరికి బెలూన్ అని తేల్చుకుని తొమ్మిది జట్లకు సామాను పంచాను. కదిలినవి రెండే కార్లు. మిగతా ఏడు బెలూన్లూ బుసకొట్టి చప్పబడ్డాయి, కార్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. బెలూన్ చిన్నదని పిల్లలన్నారు, నేనూ నమ్మాను. ఒక కారును తిరగేసి చక్రాన్ని వేలితో తిప్పబోతే అసలు సంగతి బయటపడింది. ఇరుసును అట్టకే జిగురుతో అంటించేశారు!

అట్టకు అంటించాల్సింది స్ట్రాను. ఇరుసుగా పెట్టే వెదురు పుల్ల అందులో వదులుగా తిరగాలి, మూతలు పుల్లకు గట్టిగా బిగిసి ఉండాలి. అందుకే ఇప్పుడు మొదటి గంటలో బెలూన్లను బయటికే తీయను. పుస్తకాల మీద ఆనించిన పలక పైనుంచి వదిలితే, కారు దానంతటది దిగి నేల మీద ఒక మీటరైనా పోవాలి. పక్కకు తిరిగితే రెండు స్ట్రాలూ సమాంతరంగా లేనట్టే.

ఇక మీ ప్రశ్నకు వస్తే, నా ఓటు రబ్బరు బ్యాండుకే. బెలూన్‌ను ప్రతిసారీ ఒకేలా ఊదడం పెద్దవాళ్లకే చేతకాదు. బ్యాండు అయితే ఇరుసుకు ఎన్ని చుట్లు చుట్టామో లెక్క ఉంటుంది, పది చుట్లకూ పదిహేను చుట్లకూ తేడా కొలవవచ్చు. ఒక జాగ్రత్త: బ్యాండును ఇరుసుకు ముడి వేయకూడదు. ముడి వేస్తే చుట్లు విడిపోయాక అదే మళ్లీ ఎదురు చుట్టుకుని బ్రేకు వేస్తుంది. ఇరుసుకు చిన్న కొక్కెం పెట్టి తగిలిస్తే, పని అయ్యాక జారిపోతుంది, కారు ఆ ఊపుతో ఇంకా పోతుంది.

చక్రం సైజు దగ్గర పిల్లల వాదనలు వినడం నాకు భలే సరదా. 3 సెంటీమీటర్ల మూత ఒక చుట్టుకు సుమారు 9.4 సెంటీమీటర్లు పోతే, 12 సెంటీమీటర్ల సీడీ దాదాపు 38 పోతుంది. ఈ లెక్క చూసి ఒక జట్టు వెంటనే సీడీలు బిగించింది. నున్నటి అంచు నేలను పట్టక చక్రాలు నిలబడ్డచోటే గిరగిరా తిరిగాయి. వాళ్లే పాత బెలూన్‌ను రింగులుగా కోసి అంచుకు తొడిగారు. ఆ ఉపాయం నాకు తట్టలేదని ఒప్పుకుంటున్నాను.

మార్కులు వేగానికి ఇవ్వకండి. మొదటి పరుగుకూ చివరి పరుగుకూ మధ్య దూరం ఎంత పెరిగిందో చూడండి. ఒకసారికి ఒకటే మార్చి, ఏం మార్చారో నోటుపుస్తకంలో రాయమనండి.

మూతలకు రంధ్రాలు మాత్రం ముందురోజు మీరే చేసిపెట్టండి. మూతను కాగితం మీద పెట్టి గీసి, ఆ వృత్తాన్ని కత్తిరించి రెండుసార్లు మడిస్తే కేంద్రం దొరుకుతుంది. రంధ్రం కాస్త పక్కకు పోయినా కారు కుంటుతుంది.