వెనక సీట్లో అమ్మ బెల్ట్ పెట్టుకోకపోతే చలాన్ నాకా?

ప్రశ్న: మాది డోన్. కంటి పరీక్షకని మా అమ్మను కారులో కర్నూలు తీసుకెళ్లాను. నేను బెల్ట్ పెట్టుకునే నడిపాను. అమ్మ వెనక కూర్చుంది. ఊళ్లోకి వచ్చే చౌరస్తాలో పోలీసులు ఆపి, వెనకామె బెల్ట్ పెట్టుకోలేదని నా మీద వెయ్యి రూపాయల చలాన్ రాశారు. ఆ బెల్ట్ బకిల్ సీటు కవర్ కిందకు పోయింది, అది అక్కడ ఉందని కూడా మాకు తెలీదు. వాళ్లు తీసిన ఫొటోలో నంబర్ ప్లేటు తప్ప అమ్మ కనిపించదు. మేం అక్కడ నిలబడి ఉండగానే పదిమంది కూలీలతో ఒక ఆటో మా పక్కనుంచే వెళ్లింది, దాన్ని ఎవరూ ఆపలేదు. ఇది న్యాయమేనా? కోర్టుకు పోతే కొట్టేస్తారా?

జవాబు: కొట్టేయరు. ఆటో విషయంలో మీ కడుపుమంటలో న్యాయం ఉంది, కానీ అది మిమ్మల్ని కాపాడదు. మిగతావన్నీ కోర్టులో నిలబడని మాటలు. ఎందుకో చెప్తాను.

'తప్పు ఆమెది, జరిమానా నాకా' అన్నారు. మోటారు వాహనాల చట్టంలో 194బి అనే సెక్షన్ ఉంది. 2019 సవరణలో వచ్చింది, ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు ఇలాంటి వాటికి 177 సెక్షన్ కింద మొదటిసారికి వంద రూపాయలతో సరిపోయేది. కొత్త సెక్షన్ రెండు పనులను తప్పంటుంది: బెల్ట్ లేకుండా బండి నడపడం, బెల్ట్ పెట్టుకోనివాళ్లను బండిలో తీసుకెళ్లడం. ఈ రెండోదే మీది. మీ అమ్మగారి పేరు మీద చలాన్ రాయడానికి ఆ సెక్షన్‌లో చోటే లేదు. స్టీరింగ్ పట్టుకున్నవాడే లోపల కూర్చున్నవాళ్లకూ పూచీ. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్ట్ గానీ పిల్లల సీటు గానీ లేకపోయినా అంతే, అదే వెయ్యి.

ముందు సీట్లకే కదా బెల్ట్ అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన చూడండి. బెల్టులు అమర్చిన బండిలో డ్రైవరు, ముందు సీట్లో కూర్చున్నవారు, ముందుకు తిరిగి ఉండే వెనక సీట్లలోవాళ్లు, అందరూ బండి కదులుతున్నంత సేపూ పెట్టుకోవాలి. అది నిన్నమొన్న వచ్చిన నిబంధన కాదు. 2022 సెప్టెంబర్‌లో పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో వెనక సీట్లో బెల్ట్ లేకుండా కూర్చున్న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయారు. వెనక బెల్ట్ అనే మాట జనం నోళ్లలో పడింది అప్పటినుంచే.

నేనూ అప్పుడే లేచినవాణ్ని, దాచుకోవడం ఎందుకు. ఆ ఆదివారం మా కారు వెనక డోరు తీసి రెక్సిన్ కవర్ అంచు ఎత్తి, సీటుకీ వీపు ఆనించే దిండుకీ మధ్య చెయ్యి దూర్చాను. మోచేతి దాకా పోయింది. రెండు వేరుశెనగ తొక్కలు, ఒక టోల్ రసీదు, మా పాప తలకు పెట్టుకునే క్లిప్పు వచ్చాయి. ఆ తర్వాత తగిలింది బకిల్. ఎర్ర బటన్ మీద గీత కూడా పడలేదు, షోరూమ్‌లో ఎలా ఉందో అలాగే ఉంది. కవర్లు కుట్టినవాడు బకిల్‌కు కన్నం పెట్టలేదు, నేనూ అడగలేదు. మీ బండిలోనూ జరిగింది ఇదే. కోర్టులో మాత్రం ఇది పనికిరాదు. కంపెనీ బెల్ట్ ఇచ్చింది, దాన్ని కప్పింది మనం. అసలు వెనక బెల్టులే బిగించని పాత బండి అయితే అది వేరే సంగతి, అప్పుడు 138వ నిబంధన వెనకవాళ్లకు తగలదు.

ఇక ఫొటో. సిగ్నల్ దగ్గర కెమెరా తీసి, తర్వాత ఇంటికి వచ్చిన చలాన్ అయి ఉంటే మీ మాటకు బలం ఉండేది. కెమెరా చలాన్లకు 2021లో 167ఎ అనే నిబంధన వచ్చింది. దాని ప్రకారం కెమెరాకు ఆమోద పత్రం ఉండాలి, ఇక్కడ కెమెరా ఉందని రోడ్డు మీద బోర్డు ఉండాలి, తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. అలాంటి చలాన్‌లో బెల్ట్ లేని మనిషే కనిపించకపోతే అడ్డం తిరగొచ్చు, నేనే రాసిస్తాను. మీ కేసు అది కాదు. ఒక అధికారి బండి ఆపి, అద్దంలోంచి కళ్లారా చూసి రాశాడు. ఫొటో బాగా రాకపోయినా ఆయన వచ్చి 'నేను చూశాను' అంటే అదే సాక్ష్యం. సొంత సెల్‌ఫోన్‌తో ఫొటో తీయొచ్చా అని కోర్టులో మా వకీళ్ల గదిలోనూ వాదించుకుంటాం. 167ఎ జాబితాలో ఒంటికి తగిలించుకునే కెమెరా, డాష్‌బోర్డు కెమెరా లాంటివి ఉన్నాయి గానీ సెల్‌ఫోన్ పేరు లేదు. అయినా మనిషే చూశానని చెప్పే కేసులో ఆ పాయింటు మీద పందెం కాయమని మీకు చెప్పను.

బండి ఆగాక, కళ్లజోడో సంచో తీసుకోవడానికి మీ అమ్మగారు అప్పుడే బెల్ట్ తీసి ఉంటే నిజంగానే కేసు లేదు, నిబంధన చెప్పేది కదిలే బండి గురించి కాబట్టి. కానీ బకిల్ కవర్ కింద ఉందని మీరే రాశారు. ఇప్పుడు కథ మార్చమని నేను చెప్పను.

ఆటో దగ్గరికి వద్దాం. ఆటోకు సీటు బెల్ట్ ఉండదు, కాబట్టి 194బి దానికి వర్తించదు. కానీ దానికో సొంత సెక్షన్ ఉంది, 194ఎ. పర్మిట్‌కు మించి ఎక్కించుకుంటే తలకు 200 రూపాయలు. ముగ్గురి పర్మిట్ మీద పదిమందిని ఎక్కిస్తే అదనంగా ఏడుగురు, 1400. అంటే చట్టం లెక్కలో ఆ ఆటో మీకంటే ఎక్కువ కట్టాలి. పైగా అదనంగా ఎక్కినవాళ్లను దించి, వాళ్లకు వేరే బండి ఏర్పాటు చేసేదాకా ఆటోను కదలనివ్వకూడదని కూడా అందులోనే ఉంది. చిక్కంతా ఇక్కడే. పొద్దున ఎనిమిదింటికి పత్తి తీయడానికి పోయే ఏడుగురు ఆడవాళ్లను హైవే పక్కన దించితే వాళ్లకు బండి ఎవరు తేవాలి? అందుకే ఆ ఆటో వచ్చేసరికి చూపు ఇంకోవైపు తిరుగుతుంది. కారు ఆపడం సులువు, కారువాడు కట్టగలడు. ఇది పక్షపాతమే అంటాను నేను. కానీ 'వాణ్ని వదిలారు, నన్నూ వదలండి' అని రాజ్యాంగం 14వ అధికరణం కింద అడగలేం. సమానత్వ హక్కు తప్పులో వాటా అడగడానికి కాదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. ఆటోల మీద ఫిర్యాదు వేరే దారి: ఏ దారిలో, ఏ టైములో పోతున్నాయో రాసి, సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

'నా ప్రాణం నా ఇష్టం' అని మీరు రాయలేదు, సంతోషం. ఆ ముక్క మీద హెల్మెట్ కేసు 1988లోనే సుప్రీంకోర్టులో ఓడిపోయింది, అదీ మన ఆంధ్రప్రదేశ్ నిబంధన మీదే. వెనక సీటుకైతే ఆ వాదన అసలే అతకదు. గట్టిగా బ్రేకు పడితే బెల్ట్ లేని మనిషి వచ్చి పడేది ముందు సీట్లోవాళ్ల వీపు మీద.

కోర్టుకు పోతానంటే పోవచ్చు, అది మీ హక్కు. మీ డోన్ 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నా, తప్పు జరిగింది కర్నూలులో కాబట్టి కేసు నడిచేది కర్నూలులోనే. వాయిదాకు రానూ పోనూ నూరు కిలోమీటర్ల పైమాట, ఒక పనిదినం, వకీలు ఫీజు. చట్టంలో 'వెయ్యి దాకా' అని లేదు, 'వెయ్యి' అనే ఉంది. ఓడితే ఆ వెయ్యి పెరగదు, బతిమాలితే తగ్గదు. హెల్మెట్ లేకపోతే మూడు నెలలు లైసెన్సు పోయే నిబంధన ఉంది, బెల్ట్‌కు అది కూడా లేదు. బెల్ట్ లేదన్న ఒక్క కారణంతో బండి సీజ్ చేయడానికి కూడా 207 సెక్షన్ ఒప్పుకోదు. మళ్లీ ఎప్పుడైనా అలా బెదిరిస్తే ఆ నంబరు మర్యాదగా గుర్తుచేయండి.

కాబట్టి కట్టేయండి. చేతికి నగదు ఇవ్వొద్దు, ఈ-చలాన్ పోర్టల్‌లో కట్టి రసీదు దాచుకోండి. రెండు రోజుల తర్వాత బండి నంబరు కొట్టి బాకీ పోయిందో లేదో చూసుకోండి, రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాడు ముందు చూసేది అదే. 2022లో తెలంగాణలో పాత చలాన్ల మీద రాయితీ ఇచ్చారు కదా, ఇక్కడా ఇస్తారేమోనని మాత్రం ఆగొద్దు.

ఇంకొకటి. బెల్ట్ పెట్టుకోకపోతే వచ్చే బీప్ మోత ఆపడానికి, బెల్ట్ బదులు బకిల్‌లో గుచ్చే ఉత్త క్లిప్పులు ఆన్‌లైన్‌లో కొనకండి. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ సంస్థలను వాటి అమ్మకం ఆపమంది, అయినా అక్కడక్కడా దొరుకుతూనే ఉన్నాయి. కవర్లు కుట్టిన షాపుకే వెళ్లి బకిళ్ల దగ్గర కన్నాలు కోయించండి. నా దగ్గర మూడింటికీ కలిపి టీ డబ్బులే తీసుకున్నాడు.