పేపర్లో 22, రోడ్డు మీద 15: మైలేజీ తగ్గితే కంపెనీ మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది మిర్యాలగూడ. ఎరువులు, పురుగుమందుల షాపు నడుపుతాను. పద్నాలుగు నెలల కింద హైదరాబాద్ షోరూములో తొమ్మిది లక్షల చిల్లర పెట్టి పెట్రోలు కారు తీసుకున్నాను. అందులో ఆరు లక్షలు బ్యాంకు లోను. బిల్లు షాపు పేరు మీద ఉంది. పేపరు ప్రకటనలో లీటరుకు 22 కిలోమీటర్లని పెద్ద అక్షరాలతో వేశారు. సేల్స్ అబ్బాయి వాట్సాప్‌లో “హైవే మీద 24 కూడా వస్తది సార్” అని రాశాడు. మొదటి నెల నుంచీ 15 దాటడం లేదు. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరుగుతాను, పెట్రోలు రేటు చూస్తేనే టెన్షన్ వస్తోంది. షోరూములో అడిగితే ఒకసారి “ఏసీ బంద్ చేసి నడపండి” అన్నారు, ఇంకోసారి “పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు, మేమేం చేస్తాం” అన్నారు. మైలేజీ తక్కువ ఇచ్చే కంపెనీ ఒక్కో కారుకు 50 వేలు కట్టాలని కేంద్రం చట్టం చేసిందని ఈమధ్య ఒక మెసేజ్ వచ్చింది. ఆ 50 వేలు ఎలా తీసుకోవాలి? కేసు హైదరాబాద్‌లోనే వేయాలా? అప్పటిదాకా ఈఎంఐ ఆపొచ్చా?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీకొచ్చిన మెసేజ్ పూర్తిగా అబద్ధమైతే బాగుండేది, ఎవరూ నమ్మేవారు కాదు. 50 వేల మాట చట్టంలో నిజంగానే ఉంది. కానీ ఆ డబ్బు మీకు రాదు.

ఆ చట్టం పేరు ఇంధన పరిరక్షణ చట్టం, 2001. దాని కింద కేంద్ర విద్యుత్ శాఖ కార్లకు ఇంధన వినియోగ ప్రమాణాలు పెట్టింది. పరిశ్రమలో వీటిని ‘కెఫే’ నిబంధనలు అంటారు. 2017 ఏప్రిల్ నుంచి మొదటి దశ, 2022-23 నుంచి రెండో దశ నడుస్తోంది. రెండో దశలో కంపెనీ అమ్మిన కార్ల సగటు వినియోగం, పెట్రోలు లెక్కలో చెప్పాలంటే, వంద కిలోమీటర్లకు సుమారు 4.78 లీటర్లు దాటకూడదు. కార్ల బరువును బట్టి ఈ హద్దు కంపెనీకి కంపెనీకి కొద్దిగా మారుతుంది. 2022లో చట్టాన్ని సవరించి జరిమానాలు పెట్టారు. హద్దు దాటినది వంద కిలోమీటర్లకు 0.2 లీటర్ల లోపైతే బండికి 25 వేలు, అంతకు మించితే 50 వేలు. ఇది కంపెనీ సర్కారుకు కట్టాల్సింది. కొన్నవాళ్లకు పంచమని ఆ చట్టంలో ఎక్కడా లేదు.

ఇక్కడ ‘సగటు’ అన్న మాటను పట్టుకోవాలి. మీరు మిర్యాలగూడ మనిషి, వడ్ల లెక్కలో చెబితే తేలిక. సీఎంఆర్ (సర్కారు వడ్లు మరపట్టి బియ్యం తిరిగి అప్పగించే పద్ధతి) కింద మిల్లరు క్వింటా వడ్లకు 67 కిలోల పచ్చిబియ్యం సర్కారుకు అప్పగించాలి. ఒక లాటులో నూక ఎక్కువ పడి 62 రావచ్చు, మరో లాటులో 69 రావచ్చు. సివిల్ సప్లయిస్ వాళ్లు చూసేది మొత్తం ధాన్యానికి మొత్తం బియ్యం వచ్చిందా అనే. కెఫే కూడా అలాంటిదే. కంపెనీ పెద్ద బండ్లు తాగే పెట్రోలును చిన్న బండ్లు, హైబ్రిడ్లు, కరెంటు బండ్లతో సరిపెట్టుకోవచ్చు. మీ కారు ఒక్కటే లీటరుకు 15 ఇచ్చినా కంపెనీ సగటు చక్కగా పాస్ కావచ్చు. అందుకని కంపెనీకి పంపే నోటీసులో కెఫే ఊసు ఎత్తకండి. ఎత్తితే అవతలి వకీలు మొదటి పేజీలోనే దాన్ని కొట్టేసి, మిగతా కేసు కూడా ఇంతే తేలిక అన్నట్టు మాట్లాడతాడు.

(ఈ సగటు లెక్క అమెరికాలో పుట్టింది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేసి అక్కడి బంకుల ముందు జనం బారులు కట్టాక, 1975లో చట్టం చేశారు. 2025లో అక్కడ ఆ జరిమానాను సున్నా చేశారు. చట్టం ఉంది, దెబ్బ లేదు.)

మీ హక్కు పుట్టేది వేరే చోట. మీకు చెప్పిన మాటలోంచి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. అదే చట్టంలో 84వ సెక్షన్ ఉంది. తయారీదారు స్పష్టంగా ఇచ్చిన హామీకి వస్తువు సరితూగకపోయి, దానివల్ల కొన్నవాడికి హాని జరిగితే, హామీ ఇవ్వడంలో తన నిర్లక్ష్యం లేదని నిరూపించుకున్నా తప్పించుకోలేడు. 86వ సెక్షన్ షోరూము సంగతి చెబుతుంది: అమ్మేవాడు కంపెనీ మాటకు తోడు సొంతంగా హామీ ఇస్తే దానికి అతనే జవాబుదారు. సేల్స్ అబ్బాయి రాసిన ఆ ‘24’ అందుకే విలువైనది. కంపెనీ 22 అంది, షోరూము 24 అంది. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి.

కంపెనీ ఏమంటుందో ఇప్పుడే చెబుతాను. 22 అనేది గుర్తింపు ఉన్న పరీక్షా సంస్థ ధ్రువీకరించిన అంకె అంటుంది. అది నిజమే కూడా. ఆ పరీక్ష రోడ్డు మీద జరగదు. ల్యాబులో రోలర్ల మీద బండి నిలబెట్టి, ముందే రాసిపెట్టిన వేగాలతో నడుపుతారు. ఏసీ ఉండదు, ఎండ ఉండదు, వేగం గంటకు 90 దాటదు. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద మే నెలలో నలుగురిని ఎక్కించుకుని 110లో పోయే బండికీ ఆ అంకెకూ చుట్టరికం తక్కువే. కాబట్టి అచ్చంగా 22 రావాలని ఏ వినియోగదారుల కమిషనూ అనదు. కొంత తేడాను సహజం కిందే తీసుకుంటుంది. మీ తేడా మూడో వంతుకు దగ్గరగా ఉంది, అది ఆ ‘కొంత’లో ఇమడదన్నదే మన వాదన.

ప్రకటన కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘ప్రామాణిక పరీక్షా పరిస్థితుల్లో’ అని ఇంగ్లీషులో ఉండి ఉంటుంది. ఆ పేపరు కాగితం ఇంట్లో ఉంటే వెతకండి. ప్రకటనల మీద కేంద్రం 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం కింద రాసే షరతు పైన చేసిన వాదన ఉన్న భాషలోనే ఉండాలి, అదే ఫాంటులో ఉండాలి, కంటికి ఆనే చోట ఉండాలి, అసలు మాటకు విరుద్ధంగా ఉండకూడదు. తెలుగులో ‘22’ అని అరిచి ఇంగ్లీషులో గొణిగితే చెల్లదన్నమాట. మార్గదర్శకాలు తప్పిన కంపెనీ మీద చర్య తీసుకునేది ఢిల్లీలోని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ. అయినా మీ ఫిర్యాదులో ఈ సంగతి రాస్తే బలం వస్తుంది.

గెలిచినవాళ్లు ఉన్నారా? ఉన్నారు. లీటరుకు 32 అని ప్రకటించిన ఒక డీజిల్ కారు నిపుణుడి పరీక్షలో 19.6 ఇస్తే, 2022లో కేరళలోని త్రిస్సూర్ జిల్లా కమిషన్ యజమానికి ఖర్చులతో కలిపి 3 లక్షల 10 వేలు ఇప్పించింది. ఇంకో కేసులో 16 నుంచి 18 అని చెప్పిన పెట్రోలు కారు 10.2 ఇచ్చింది. లక్ష రూపాయల పరిహారాన్ని జాతీయ కమిషన్ 2024 జనవరిలో సమర్థించింది. బండి కొన్నది 2004లో. సంవత్సరాలు మళ్లీ చూడండి. ఆ లక్ష కోసం ఇరవై ఏళ్లు తిరిగే ఓపిక మీకుందో లేదో ముందు ఇంట్లో మాట్లాడుకోండి. అన్ని కేసులూ అంతకాలం పట్టవు కానీ, పెద్ద కంపెనీ అప్పీలుకు వెనుకాడదు.

ఇథనాల్ సాకు అంత గట్టిది కాదు. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి దాదాపు మూడో వంతు తక్కువ, మైలేజీ తగ్గే మాట వాస్తవం. ఎంత? 20 శాతం కలిపిన పెట్రోలుతో, దానికి తగ్గట్టు తయారైన బండ్లలో 1-2 శాతం, మిగతా బండ్లలో 3-6 శాతం అని పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో చెప్పింది. పెద్ద అంకె పట్టుకున్నా 22 కాస్తా 20.7 అవుతుంది, 15 కాదు. పైగా దేశంలో బంకుల్లో ఏ పెట్రోలు దొరుకుతుందో కంపెనీకి తెలుసు, తెలిసే 22 అని వేసింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది, ఆ దారి గురించి ఆలోచించకండి.

ఇక అసలు పని. ఇలాంటి కేసులు ఎక్కువగా ఓడిపోయేది చట్టం లేక కాదు, కాగితం లేక. “మా బండి 15 ఇస్తోంది” అన్న మీ మాట సాక్ష్యం కాదు.

మొదట బంకును అనుమానించండి. కంపెనీ మీద కేసు వేయడానికి వచ్చినవాళ్లలో కొందరికి అసలు నష్టం బంకు పంపులో జరుగుతుంటుంది. ప్రతి బంకులో ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి, మీరు అడిగితే కొలిచి చూపించాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తక్కువ వస్తే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయండి. అది వేరే కేసు, చిన్న కేసు.

కొలత సరిగ్గా ఉందని తేలాక, అదే బంకులో అదే గన్నుతో ఆటోకట్ అయ్యేదాకా ట్యాంకు నింపి, మీటరు ఫొటో తీసి, బిల్లు దాచండి. మళ్లీ అలాగే నింపేటప్పుడు మళ్లీ ఫొటో, మళ్లీ బిల్లు. కనీసం నాలుగైదుసార్లు. టైర్ల గాలి ముందే చూపించుకోండి. సర్వీసులన్నీ వేళకు అధీకృత సెంటర్లో చేయించిన రసీదులు కావాలి. ఒక్క సర్వీసు బయటి మెకానిక్ దగ్గర చేయించినా కంపెనీ దాన్నే పట్టుకుంటుంది.

తర్వాత సర్వీస్ సెంటరుకు వెళ్లి జాబ్ కార్డు మీద ‘మైలేజీ తక్కువ’ అని రాయించండి. చాలామంది నోటితో చెప్పి, వాళ్లు ‘జనరల్ చెకప్’ అని రాసుకున్న దాని మీద సంతకం పెట్టి వస్తారు. ఏడాది తర్వాత అదే కాగితం కమిషన్ ముందు ప్రత్యక్షమై “ఈయన ఎప్పుడూ ఫిర్యాదే చేయలేదు” అంటుంది. మీ ఎదురుగా రోడ్డు మైలేజీ పరీక్ష చేయమని ఈమెయిలులో అడగండి. చేస్తే రిపోర్టు తీసుకోండి. చేయకపోతే ఆ మౌనం కూడా మీకు సాక్ష్యమే. వాట్సాప్ సంభాషణ తుడిచేయకండి, ఫోను మార్చకండి. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఒక ధ్రువీకరణ పత్రం జతచేయాలి, అది మీ వకీలు రాస్తాడు.

కేసు వేశాక బండిని తగిన ల్యాబుకు గానీ నిపుణుడికి గానీ పంపమని 38వ సెక్షన్ కింద కమిషన్‌ను అడగండి. ఆ ఫీజు ముందుగా మీచేతే కట్టిస్తారు. అయినా అడగండి. త్రిస్సూర్ కేసును నిలబెట్టింది నిపుణుడి అంకే.

బిల్లు షాపు పేరు మీద ఉందన్నారు. కంపెనీ “ఇది వాణిజ్య అవసరానికి కొన్నది, ఈయన వినియోగదారుడే కాడు” అని తప్పక అంటుంది. బతుకుదెరువుకు స్వయంగా చేసుకునే పనికి కొన్న వస్తువును చట్టం వాణిజ్యం కింద లెక్కించదు. 2024 జూలైలో సుప్రీంకోర్టు, ఒక కంపెనీ తన డైరెక్టరు సొంత వాడకానికి కొన్న ఖరీదైన కారు విషయంలోనే వాణిజ్య వాదనను ఒప్పుకోలేదు. మీది ఒక్కరి షాపు, నడిపేది మీరే అయితే ఆ సంగతి ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయించండి. డ్రైవరును పెట్టి ఆ కారులోనే మందులు డెలివరీ చేయిస్తుంటే మాత్రం కొంచెం చిక్కే, దాచకుండా మీ వకీలుకు చెప్పండి.

హైదరాబాద్ తిరగక్కర్లేదు. పాత చట్టంలో ఆ బాధ ఉండేది. ఇప్పుడు 34వ సెక్షన్ కింద మీరు ఉండే చోటే వేసుకోవచ్చు, అంటే నల్లగొండ జిల్లా కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల లోపు కేసులన్నీ అక్కడికే వస్తాయి. ధర ఐదు నుంచి పది లక్షల మధ్య కాబట్టి ఫీజు 200 రూపాయలు. ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. అంతకు ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కొన్నిసార్లు కంపెనీ అక్కడే దిగివస్తుంది.

ఎంత అడగాలి? నష్టాన్ని లీటర్లలో లెక్కకట్టండి. రెండు వేల కిలోమీటర్లకు 22 లెక్కన 91 లీటర్లు, 15 లెక్కన 133. నెలకు 42 లీటర్ల తేడా. బిల్లు మీద ఏ రేటుంటే ఆ రేటు వేయండి. లీటరు 110 అనుకుంటే నెలకు నాలుగున్నర వేల పైమాటే, పద్నాలుగు నెలలకు 65 వేల దాకా. దీనికి మానసిక వేదన, కేసు ఖర్చులు కలపండి. కారు వెనక్కి తీసుకుని మొత్తం డబ్బులిమ్మని కూడా అడగొచ్చు గానీ, మైలేజీ ఒక్కదాని మీద అది రావడం కష్టం. నేనైతే దాన్ని ప్రత్యామ్నాయంగానే రాస్తాను.

ఈఎంఐ ఆపకండి. బ్యాంకుకూ మీకూ ఉన్న ఒప్పందంలో మైలేజీ లేదు. ఆపితే సిబిల్ పడిపోతుంది, బండి పట్టుకుపోతారు, అప్పుడు పరీక్షకు పంపడానికి బండే ఉండదు.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు. మొదటి నెలే తేడా తెలిసిందని మీరే రాశారు కాబట్టి అప్పటి నుంచే లెక్కపెట్టుకోండి. మీ చేతిలో తొమ్మిది, పది నెలలున్నాయి. ట్యాంకు పరీక్షకు రెండు నెలలు, నోటీసుకు పదిహేను రోజులు తీసేసి చూసుకోండి.