సమాధానం: రెండో తరం బాధ ఫొటోలో ఎలా కనిపిస్తుంది?

మీరు హిరోషిమా అణుబాంబు బాధితుల పిల్లల గురించి వ్యాసం రాస్తుంటే శిథిలాల ఫొటోలు తప్ప ఏమీ దొరకడం లేదన్నారు. శిథిలాలను వదిలి వస్తువులను వెతకండి.

ముందు జపాన్ ఫొటోగ్రాఫర్ ఇషియుచి మియాకో ఫొటోలు చూడండి. 2000లో తల్లి మరణించాక ఆమె లోదుస్తులను, వాడిన లిప్‌స్టిక్‌లను మియాకో ఫొటోలు తీశారు. 2007 నుంచి హిరోషిమా శాంతి స్మారక మ్యూజియంలోని బాధితుల దుస్తులను తీస్తున్నారు, అదీ రంగుల్లో. పూల గౌను మీద చిరుగుతో పాటు ఎవరో శ్రద్ధగా వేసిన కుట్టు కూడా కనిపిస్తుంది. ఆ కుట్టు నన్ను ఇప్పటికీ వదలదు. అయితే ఆమె బాధితుల కుమార్తె కాదు, ఆ తేడా వ్యాసంలో తప్పక చెప్పండి.

వారసత్వం అనగానే జన్యువుల వైపు వెళ్లకండి. బాధితుల పిల్లల్లో వంశపారంపర్య హాని ఉన్నట్లు దశాబ్దాల పరిశోధనల్లో స్పష్టమైన ఆధారం దొరకలేదు. కానీ పెళ్లి సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో ఎన్నో కుటుంబాలు బాంబు పడిన ఆ రోజు గురించి నోరు విప్పలేదు. పిల్లలకు అందింది ఆ మౌనం. అందుకే ఆల్బంలో చింపేసిన ఫొటో, పేరు రాయని కవరు కూడా మీకు సాక్ష్యాలే.

రేడియేషన్‌నే చూపాలంటే ఫుకుషిమాలో పుట్టిన కళాకారుడు తకెదా షింపేయి పని చూడండి. అక్కడి అణు విద్యుత్ కేంద్రంలో 2011లో జరిగిన ప్రమాదం తర్వాత కలుషితమైన మట్టిని చీకట్లో ఫిల్మ్ మీద ఉంచారు. కెమెరా లేకుండానే, మట్టిలోని రేడియేషన్ వల్ల తెల్లని చుక్కలు పడ్డాయి.