ఏఎంఈలో చేరితే ఏఐ ఉద్యోగం లాక్కుంటుందా?

ప్రశ్న: మా బాబు ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ రాశాడు. బీటెక్ వద్దు, విమానాల మెయింటెనెన్స్ కోర్సు ఏఎంఈ చేస్తానని పట్టుబట్టాడు. విమానాల తనిఖీ అంతా ఇక ఏఐ, డ్రోన్లే చేసేస్తాయని మా తోడల్లుడు భయపెడుతున్నారు. అప్పు చేసి చేర్పిస్తే, వాడు బయటికొచ్చేసరికి ఆ ఉద్యోగం ఉంటుందా?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: మీ తోడల్లుడుగారు చెప్పినదాంట్లో సగం నిజముంది. ముందు ఆ సగం సంగతి చూద్దాం.

జెట్ ఇంజిన్ లోపలి బ్లేడ్లు చూడాలంటే ప్రతిసారీ ఇంజిన్ విప్పరు. పక్కనున్న చిన్న రంధ్రంలోంచి బోరోస్కోప్ అనే సన్నటి కెమెరా దూరుస్తారు. ఒకరు లోపలి చక్రాన్ని మెల్లగా తిప్పుతుంటే, ఇంకొకరు స్క్రీన్ మీద ఒక్కో బ్లేడే చూసుకుంటూ పోతారు. అంచు చిట్లిందా, కాలిందా, పగులిచ్చిందా అని. అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి కాసేపటికి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఇక్కడికి ఏఐ ఇప్పటికే వచ్చేసింది. అనుమానం ఉన్న బ్లేడ్లను ఏరి చూపించే సాధనాలను జీఈ ఏరోస్పేస్ లాంటి ఇంజిన్ కంపెనీలు వాడుతున్నాయి. విమానం పైభాగంలో సొట్టలు, గీతలు వెతికే డ్రోన్‌ను ఎయిర్‌బస్ 2018లోనే చూపించింది. అదే కంపెనీ 2017లో మొదలుపెట్టిన స్కైవైజ్, విమానాలు పంపే సెన్సర్ లెక్కలు చూసి ఫలానా భాగం చెడిపోయేలా ఉందని ముందే చెబుతుంది. కాబట్టి చూసి రాసుకునే పని, కాగితాలు నింపే పని తగ్గుతాయి. అందులో దాపరికం ఏమీ లేదు.

కానీ చెడిపోయేలా ఉందన్న ఆ భాగాన్ని విప్పి కొత్తది బిగించేది మనిషే. ఆ తర్వాత విమానం ఎగరడానికి సిద్ధమని సంతకం పెట్టేది లైసెన్స్ ఉన్న ఇంజినీరు. మన దగ్గర ఆ లైసెన్స్ విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇస్తుంది, సీఏఆర్-66 అనే నిబంధనల కింద. ఏదైనా తేడా వస్తే ముందు అడిగేది ఆ సంతకం చేసిన మనిషినే. సాఫ్ట్‌వేర్‌ను బోనులో నిలబెట్టలేరు కదా!

ఒక పాత సంగతి చెప్తాను. 1990 జూన్‌లో బర్మింగ్‌హామ్ నుంచి బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానానికి పదిహేడు వేల అడుగుల ఎత్తులో పైలట్ ముందున్న అద్దం ఊడిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి లాగేయబడ్డాడు. సిబ్బంది అతని కాళ్లు పట్టుకుని ఉంటే, కో-పైలట్ విమానం దింపాడు. అందరూ బతికారు. కారణం వెతికితే, ముందురోజు తెల్లవారుజామున మార్చిన ఆ అద్దానికి వేసిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సినదానికంటే అర మిల్లీమీటరు పైచిలుకు సన్నవి. విప్పిన పాత బోల్టును చేత్తో పట్టుకుని, వెలుతురు సరిగా లేనిచోట, కంటి అంచనాతో జత చూసి ఎంచుకున్నారు. పార్ట్స్ కేటలాగ్ తెరిచి చూడలేదు.

ఇలాంటిచోట కంప్యూటర్ అడ్డుపడి 'ఇది ఆ బోల్టు కాదు' అంటే మంచిదే కదా. అందుకే నేను ఏఐని శత్రువుగా చూడను. అయితే అది 'అంతా బాగుంది' అన్నప్పుడు కూడా టార్చి పట్టుకుని మళ్లీ వంగి చూసే అలవాటు మీవాడికి ఉండాలి. లైసెన్స్ సిలబస్‌లో మనుషుల పొరపాట్ల మీదే ఒక మాడ్యూల్ ఉంది, తొమ్మిదోది. థియరీయే కదా అని చాలామంది పిల్లలు దాన్ని బట్టీపట్టి వదిలేస్తారు. మీవాణ్ని మాత్రం శ్రద్ధగా చదవమనండి.

ఇక పని ఉంటుందా అంటారా? 2023లో ఇండిగో ఒకేసారి 500 విమానాలకు, ఎయిరిండియా 470కి ఆర్డర్లు ఇచ్చాయి. అవి వస్తే చూసుకోవడానికి మనుషులు కావాలి. మన శంషాబాద్‌లోనే సఫ్రాన్ సంస్థ లీప్ అనే రకం జెట్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం పెట్టింది, 2025 నవంబరులో ప్రారంభమైంది.

బ్రాంచ్ విషయం. ఇంజిన్లు, విమాన నిర్మాణం చూసేది బీ1, ఏవియానిక్స్, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్స్ చూసేది బీ2. కంప్యూటర్ల కాలం కదా అని అందరూ బీ2 వైపే తోస్తున్నారు. నా ఉద్దేశంలో అది తొందరపాటు. మీవాడు సైకిల్ చైను తనే వేసుకునే రకమా, పాడైన రేడియో విప్పే రకమా? దాన్నిబట్టి తేల్చండి. ఏ బ్రాంచ్ అయినా సెన్సర్ గ్రాఫ్ చదవడం మాత్రం రావాలి. అలా కాదు, ఆ ఏఐ సాధనాలే తయారుచేస్తానంటే అప్పుడు బీటెక్కే దారి.

నన్నడిగితే మీరు భయపడాల్సింది ఏఐకి కాదు, కాలేజీకి. కోర్సు పూర్తయింది కాబట్టి లైసెన్స్ వచ్చినట్టే అనుకుని మోసపోయిన కుటుంబాలు నా దగ్గరికి వస్తుంటాయి. డీజీసీఏ మాడ్యూళ్లన్నీ పాసవ్వాలి, నిజమైన విమానాల మీద పనిచేసిన అనుభవం లాగ్‌బుక్‌లో చూపించాలి, అప్పుడే లైసెన్స్. ఆపైన ఒక్కో రకం విమానానికి టైప్ రేటింగ్ అనే అర్హత వేరే, దాని ఖర్చూ వేరే. మీరు చేసే అప్పులో అది కూడా లెక్కేసుకోండి.

ఫీజు కట్టేముందు బాబుని వెంటబెట్టుకుని పనిరోజున కాలేజీకి వెళ్లండి. ఆ సంస్థకు సీఏఆర్-147 ఆమోదం, అంటే ఈ శిక్షణ ఇచ్చేందుకు డీజీసీఏ అనుమతి, ఇప్పటికీ అమల్లో ఉందా, ఏ బ్రాంచ్‌కి ఉందో కాగితం చూపించమనండి. అనుభవం కోసం పిల్లల్ని విమానాలు బాగుచేసే ఏ హ్యాంగర్‌కి పంపుతున్నారో పేరు చెప్పమనండి. నాలుగేళ్ల కిందటి బ్యాచ్‌లో లైసెన్స్ చేతికొచ్చినవాళ్లు ఎందరో అడగండి. ఆ ప్రశ్నకి ప్లేస్‌మెంట్ బ్రోచర్ చేతిలో పెడితే, మర్యాదగా లేచి వచ్చేయండి.